నేను చెప్పిన జోస్యం

జోస్యం చెప్పేవాడికి ఒక సదుపాయం ఉంది. తప్పితే ఎవరికీ గుర్తుండదు. ఫలిస్తే తానే పదిమందికీ గుర్తు చేసుకోవచ్చు. నేనిప్పుడు ఆ రెండోపని చెయ్యబోతున్నాను. పాఠకులు మన్నించాలి.

2024 డిసెంబరు మాట. నా ఉద్యోగం అప్పుడూ ఇప్పుడూ అరకులోయలోనే. ఆ నెలలో ఇక్కడ పొద్దెక్కినా మంచు విడదు. మైదానాల నుంచి వచ్చినవాళ్లు ఆ మంచుని ఫొటోలు తీసుకుని వెళతారు. మేము అందులోనే మొదటి పీరియడు పాఠం చెబుతాం. కొండలమీద కాఫీపళ్లు ఎర్రబడే రోజులు కూడా అవే. అంచేత క్లాసులో సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి.

ఆ రోజుల్లోనే సింగపూరులో ప్రపంచ చదరంగం పోటీ జరిగింది. ఒకవైపు చైనా దేశస్థుడు డింగ్ లిరెన్, అప్పటి ప్రపంచ విజేత. రెండోవైపు దొమ్మరాజు గుకేశ్, పద్ధెనిమిదేళ్లవాడు, చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి పిల్లవాడు. ఆటలు పద్నాలుగు. అవి అయ్యాక కూడా సమానంగా ఉంటే మర్నాడు తక్కువ గడువు ఆటలతో తేల్చాలి.

“తెలుగు మాస్టారికి చదరంగంతో ఏం పనండీ?” అన్నారు మా ఎకనామిక్సు మాస్టారు. బొడ్డుచెర్ల తిమ్మన పేరు చెప్పి నోరు మూయించాను. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచేవాడని ఆయనమీద చాటువు ఉంది. కొప్పోలు గ్రామాన్ని రాయలవారు ఆయనకి బహుమానంగా ఇచ్చారని కూడా చెప్పుకుంటారు. రాజుతో ఆడి రాజునే ఓడించి, పైగా ఊరు పుచ్చుకుని ఇంటికి రావడం సామాన్యమా!

పోటీకి ముందు గుకేశ్ గెలుస్తాడని చాలామంది అన్నారు. 2023లో విజేత అయింది మొదలు డింగ్ ఆట బాగా సన్నగిల్లింది మరి. అది జోస్యం కాదు. పంచాంగం చూసి రేపు అమావాస్య అనడం. తీరా మొదటి ఆటే డింగ్ గెలిచేసరికి వాళ్లందరూ గొంతు తగ్గించారు. మూడో ఆట గుకేశ్‌ది, పదకొండోది గుకేశ్‌ది, పన్నెండోది మళ్లీ డింగ్‌ది. పదమూడు ఆటలు ముగిసేసరికి చెరి ఆరున్నర. ఇక టైబ్రేకు తప్పదనీ, అక్కడ డింగ్‌దే పైచెయ్యి అవుతుందనీ పండితులు తేల్చేశారు. అందుకు ఆధారం లేకపోలేదు. 2023లో ఆస్తానాలో నెపోమ్నియాషిని డింగ్ గెలిచింది ఆ టైబ్రేకులోనే.

డిసెంబరు 11 సాయంత్రం స్టాఫ్‌రూములో నేను అన్నది ఇది: “టైబ్రేకు దాకా పోదు. రేపే తేలుతుంది. కుర్రాడే గెలుస్తాడు.”

ఎకనామిక్సు మాస్టారు లెక్కలు వేసి మరీ బొంగుచికెను పందెం కాశారు. మా ఆవిడకి తెలిస్తే మందలిస్తుందని నేను భయపడ్డాను గాని, “గెలిస్తే రెండు బొంగులు పట్టుకురండి” అంది, అంతే.

నేను ఏమి చూసి అన్నానో చెప్పాలి. ఆరో ఆటలో డింగ్ వేసిన ఎత్తులే మళ్లీ వేస్తూ డ్రాకి తోవ చూపించాడు. అప్పుడు గుకేశ్ పరిస్థితి కాస్త కిందుగానే ఉంది. ఎవరైనా ఊపిరి పీల్చుకుని లేచిపోతారు. అతను లేవలేదు, వేరే ఎత్తు వేసి ఆడుతూ కూర్చున్నాడు. ఏడో ఆట డెబ్భైరెండు ఎత్తుల దాకా సాగదీశాడు. డింగ్ బాగున్నప్పుడు కూడా సమాధానపడటానికే చూస్తున్నాడు. ఇతను బాగులేనప్పుడు కూడా ఆట వదలడంలేదు.

నిజం చెప్పాలంటే ఈ చూపు సగం నాది, సగం మా విద్యార్థి ఒకడిది. వాడిది పైకొండమీద పల్లె. చదరంగం మా కాలేజీలోనే నేర్చుకున్నాడు గాని, అంతకుముందే పులిజూదంలో ఆరితేరినవాడు. రాతిపలకమీద గీతలు గీసి, మూడు పులులూ పదిహేను మేకలూ పెట్టి ఆడతారే, అది. పులి మేకని దూకి చంపగలదు. మేక ఎవరినీ చంపలేదు, దారులు మూయగలదు, అంతే. “ఆ చైనా ఆయన పులే, మాస్టారూ! కాని అలిసిపోయింది. మేకలవాడు లేవకుండా కూర్చుంటే చాలు” అన్నాడు వాడు.

వాడిమీద కూడా స్టాఫ్‌రూములో ఒక జోస్యం నడుస్తూండేది. అది వాడికి మూడో సంవత్సరం. మొదటి సంవత్సరం పేపర్లు రెండు మిగిలిపోయి ఉన్నాయి. ఇంట్లో కాఫీపళ్లు కోసే మనుషులు చాలరు. “ఈసారి కొండెక్కాడంటే మళ్లీ దిగడు” అని అనుకునేవారు. మేష్టర్లం కదా, ఇలాంటి జోస్యాలు రోజుకి నాలుగు చెబుతాం, ఎవరూ పందెం కాయరు. ఆ ఒక్కదానిలో మాత్రం నేను చేరలేదు.

12వ తేదీ గురువారం. ఆట మన వేళకి మధ్యాహ్నం రెండున్నరకి మొదలైంది. కాలేజీ అయ్యాక మా ఇంట్లో కూర్చున్నాం. సిగ్నలు కోసం ఫోను కిటికీలో నిలబెట్టాం. చీకటి పడేవేళకి వాడు కూడా వచ్చాడు, వేళ్లకి కాఫీపళ్ల జిగురుతోనే.

తెల్లపావులు డింగ్‌వి. అయినా పావులు మార్చుకుంటూ, ఒక బంటు తక్కువైనా సరే, డ్రా గట్టుకి చేరితే చాలునన్నట్టు ఆడాడు. రెండువైపులా ఒక ఏనుగు, ఒక శకటు మిగిలాయి. అది డ్రా అయ్యే ఆటేనని చూసేవాళ్లందరూ అన్నారు. ఎకనామిక్సు మాస్టారు అప్పుడే బొంగుచికెను ఎక్కడ బాగుంటుందో చెప్పడం మొదలుపెట్టారు. గుకేశ్ లేవలేదు. యాభై అయిదో ఎత్తులో డింగ్ తన ఏనుగుని ఎదురుపెట్టి మార్పిడికి పిలిచాడు.

మాకు ఒక్క నిమిషం ఏమీ అర్థంకాలేదు. మా కుర్రాడే ముందు చూశాడు. “శకటు మూలని ఉండిపోయింది, మాస్టారూ! దానికి దారి లేదు” అన్నాడు. ఏనుగులు పోయాక గుకేశ్ తన శకటుని ఎదురుగా నిలిపితే, డింగ్ శకటుకి తప్పుకునే చోటు లేదు. అదీ మారిపోతే మిగిలేది రాజులూ బంటులూ. బంటు ఎక్కువున్నవాడిదే గెలుపు. యాభై ఎనిమిదో ఎత్తుతో డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. ఏడున్నర, ఆరున్నర. 1985లో కాస్పరోవ్ ఇరవై రెండేళ్లకి విజేత అయిన రికార్డు చెరిగిపోయింది. ఆ పిల్లవాడు కుర్చీలో కూర్చుని ఏడుస్తూ, చెదిరిన పావులన్నీ మళ్లీ వాటి గళ్లలో సర్దాడు. అది చూసి మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత మావాడంటే మావాడని రెండు రాష్ట్రాలవాళ్లూ వాదించుకున్నారు లెండి. బొంగుచికెను మాత్రం వచ్చింది, బాగుంది కూడాను.

నా పేరు కాలేజీలో మోగిపోయింది. క్రికెట్టు ఎవరిదండీ, ఫలానావారి సంబంధం కుదురుతుందా అండీ అని అడగటం మొదలుపెట్టారు. నేను దేనికీ నోరు విప్పలేదు.

2025 జూలైలో జార్జియా దేశంలోని బతూమిలో మహిళల ప్రపంచ కప్పు ఆఖరి పోటీ వచ్చింది. ఇద్దరూ మన దేశంవాళ్లే, కోనేరు హంపి, దివ్యా దేశ్‌ముఖ్. హంపి గుడివాడలో పుట్టిన పిల్ల. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరు. అప్పటికి దివ్య పుట్టనేలేదు. హంపికి ముప్ఫై ఎనిమిది, దివ్యకి పంతొమ్మిది, సరిగ్గా సగం. అంతకుముందు డిసెంబరులోనే హంపి న్యూయార్కులో మొదటి ఆట ఓడిపోయి కూడా ప్రపంచ రాపిడ్ పోటీ గెలుచుకుంది. ఓడినా లేవని మనిషి అంటే ఆవిడే.

మా కుర్రాడు అడిగాడు. మిగిలిన పేపర్లలో ఒకటి గట్టెక్కింది వాడికి, రెండోది ఇంకా ఉంది. “చెప్పండి, మాస్టారూ!”

చెప్పనన్నాను. గుకేశ్ ఆట చూసి చెప్పాను. హంపి సంగతి అలా కాదు. ఆవిడ గెలవాలని నాకు ఉంది. గెలవాలని ఉన్నవాడు చెప్పేది జోస్యం కాదు, మొక్కు.

రెండు ఆటలు డ్రా. 28వ తేదీన టైబ్రేకు. మొదటిది డ్రా, రెండోది నల్లపావులతో దివ్య గెలిచింది. ఆ గెలుపుతోనే గ్రాండ్‌మాస్టరు కూడా అయింది. సంతోషమే, ఎందుకు కాదు!

సాయంత్రం వాడు వచ్చాడు. కాసేపు అరుగుమీద ఊరికే కూర్చున్నాడు.

“ఆవిడ మళ్లీ ఆడుతుందా, మాస్టారూ?”

“ఆడుతుంది” అన్నాను.

వాడు పందెం అడగలేదు.