ఎదురుగా కూర్చుంటే తెలిసేది

కరోనా తర్వాత మా పనిలో మళ్ళీ క్యాంపులు మొదలైనప్పుడు ఆఫీసులో చాలామందిది ఒకటే ప్రశ్న: ఇంట్లో కూర్చుని చెప్పగలిగిన దానికి రైలెక్కడం దేనికి? ఖర్చు చూస్తే న్యాయమైన ప్రశ్నే. టికెట్లు, లాడ్జి, అందరికీ భోజనాలు, హాలు అద్దె, ఆపైన టీఏ బిల్లు కోసం ప్రతి రసీదూ దాచుకోవడం. అయినా వెళ్ళి తీరాలన్నదే నా మాట.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల సిబ్బందికి కంప్యూటర్లో లెక్కలు రాయడం నేర్పడం నా ఉద్యోగం. దేశంలోని 63,000 సంఘాలను 2,516 కోట్ల రూపాయలతో కంప్యూటరీకరించాలని 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. అందరికీ ఒకే సాఫ్ట్‌వేర్. చెప్పడానికి తేలికే. సంఘం ఆఫీసులో మాత్రం బీరువాల నిండా లెడ్జర్లుంటాయి. వాటా ధనం ఖాతాలు, పంట రుణాలు, బంగారం తాకట్టు మీద ఇచ్చిన అప్పులు, ఏళ్ళ తరబడి పేరుకున్నవన్నీ పేరు తప్పకుండా, తేదీ తప్పకుండా కంప్యూటర్లోకి ఎక్కాలి. ముఖ్యంగా తేదీ. మూడు లక్షల లోపు పంట రుణాన్ని గడువులోగా కట్టిన రైతుకు 7 శాతం వడ్డీలో 3 శాతం రాయితీ వస్తుంది. కట్టిన తేదీ తప్పు పడితే ఆ రాయితీ గల్లంతే. నేను చెప్పింది గుమాస్తాకు సరిగ్గా ఎక్కకపోతే నష్టపోయేది నేనూ కాదు, గుమాస్తా కూడా కాదు. అందుకే ఈ విషయంలో ఇంత పట్టుబడతాను.

ఆన్‌లైన్ తరగతుల్లో నల్లటి గడుల్లో పేర్లు మాత్రమే కనిపించేవి. డేటా అయిపోతుందని చాలామంది వీడియో ఆపేసేవారు. "అర్థమైందా అండీ?" అంటే "అయింది మేడమ్" అని రెండు మూడు గొంతులు పలికేవి, ఎప్పుడూ అవే గొంతులు. మిగతావాళ్ళు వింటున్నారో, ఎరువుల బస్తాల కోసం వచ్చిన రైతుకు బిల్లు రాస్తున్నారో తెలిసే దారే లేదు. తెలిసినవాళ్ళు ఫోన్లోనూ వినిపిస్తారు. తెలియనివాళ్ళను చూడాలంటే మాత్రం వాళ్ళున్న గదిలో ఉండాలి.

మొన్న గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ వెళ్ళాను. ఆ రాత్రి ప్రయాణాన్ని నేను దండగ అనుకోను. ఇంటి నుంచి పనిచేసిన రోజుల్లో పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, తిన్నగా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. మనసు ఇంకా కూర దగ్గరే ఉండేది. రైలెక్కితే ఇంటికీ పనికీ మధ్య ఒక రాత్రి దొరుకుతుంది. మర్నాడు ఎవరెవరు వస్తారో, ఏది ముందు చెప్పాలో బెర్తు మీద పడుకుని తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

హాల్లో రెండో వరసలో ఒక పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ కార్యదర్శి. ప్రతి ఎంట్రీ ముందు తెల్లకాగితం మీద రాసుకుని, దాన్ని చూస్తూ ఒక్క వేలితో కొడుతున్నారు. పక్క కుర్రాడు చకచకా ముగించాడు గానీ ట్రయల్ బ్యాలెన్స్ కుదరలేదు. 270 రూపాయల తేడా. మొదటి నుంచీ ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాడు. పెద్దాయన తల ఎత్తకుండానే, "తేడాను తొమ్మిదితో భాగించు బాబూ. శేషం లేదా? అయితే ఎక్కడో అంకెలు అటూ ఇటూ అయ్యుంటాయి చూడు" అన్నారు. వెతికితే 4,520 ఉండాల్సిన చోట 4,250 పడి ఉంది. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడైనా తొమ్మిదితో తెగుతుంది. చేత్తో లెడ్జర్లు రాసిన తరానికి ఇది కొట్టిన పిండి. కుర్రాడు ఆయన వైపు కుర్చీ జరుపుకుని, ట్యాబ్ నొక్కుతూ గడి నుంచి గడికి ఎలా వెళ్ళాలో చూపించాడు. కాసేపు నేను వాళ్ళ జోలికి పోలేదు.

ఆ తెల్లకాగితం సంగతి టీ తాగేటప్పుడు బయటపడింది. "లెడ్జర్లో తప్పు పడితే కొట్టేసి పక్కన సంతకం చేసేవాణ్ణమ్మా. ఇందులో ఎవరు దిద్దారో ఎవరికి తెలుస్తుంది? రేపు ఆడిట్లో నా మెడకే చుట్టుకుంటుంది" అన్నారాయన. చుట్టూ నిలబడ్డవాళ్ళు అవునవునన్నారు. అందరి భయమూ అదేనన్నమాట. టీ తర్వాత చెప్పాల్సిన పాఠం పక్కనబెట్టి, ఏ ఎంట్రీ ఎవరి లాగిన్‌తో పడిందో ఎలా చూడాలో, తప్పు పడితే రివర్సల్ ఎంట్రీ ఎలా వేయాలో చూపించాను. అంతవరకూ ఊరికే వింటున్నవాళ్ళు కూడా పెన్నులు తీశారు.

అన్నింటికీ రైలెక్కాలని నేననను. కొత్త రిపోర్టు ఒకటి ఎలా తీయాలో చెప్పడానికి అరగంట వీడియో కాల్ చాలు. చంటిపిల్లలున్న ఉద్యోగినులకు అదే మేలు కూడా. కానీ మొదటిసారి నేర్పేది, భయం తీర్చాల్సింది ఎదురుగా కూర్చునే చెప్పాలి.

ఖర్చు తగ్గుతుందని ఇప్పుడు రెండు రోజుల వర్క్‌షాపును ఒక రోజుకు కుదించమంటున్నారు. నేను ఒప్పుకోలేదు. మొదటి రోజు అందరూ మర్యాదగా తలలూపుతారు. అసలు ప్రశ్నలు రెండో రోజు పొద్దున, హాలు తలుపు తీయకముందే వరండాలో మొదలవుతాయి. ఖరీఫ్ రుణాల పని మొదలైందంటే వీళ్ళెవరూ సీట్లోంచి కదలలేరు. ఆలోపే ఏలూరు, మచిలీపట్నం వర్క్‌షాపులకు తేదీలు ఖరారు చేయమని, రెండేసి రోజుల చొప్పునే, ఫైలు పెట్టాను.