నూజివీటి మామిడితోటలలో అకాలవర్షము

శిశిరము వెడలుచు వసంతము వచ్చుచున్న వేళ, ఆ రెంటి నడుమ వర్షర్తువున కేమి పని? కాళిదాసు ఋతుసంహారము గ్రీష్మముతో నారంభమై వసంతముతో ముగియును. ఆఱు ఋతువులకును ఆఱు సర్గలు. ఒక ఋతువు మఱియొకదాని సర్గలో జొరబడినచో నేమి చేయవలయునో ఆ మహాకవి సెలవీయలేదు.

ఈ ఫాల్గుణమున మా యింటివారికి బడిలో రెండు దినములు సెలవు దొరకగా, బిడ్డలను వెంటబెట్టుకొని నూజివీడు పోయితిమి. ఈ యూరు పూర్వము కృష్ణాజిల్లాలోనిది. 2022వ సంవత్సరమునుండి ఏలూరు జిల్లాలో జేరినది. హనుమాన్ జంక్షను కడ పెద్దబాట విడిచి బస్సు ఉత్తరముగా దిరిగిన కొంతసేపటికి వరిపొలములు వెనుకబడి ఎఱ్ఱనేలలును, వానిలో మామిడితోటలును గానవచ్చినవి. బంగినపల్లి, కలెక్టరు, పెద్దరసము, అన్నియు నున్నను ఇచ్చటి చిన్నరసమునకే పేరెక్కువ. అది చేత నలిపి రసము పీల్చవలసిన పండు. దానికి కత్తి పెట్టుట పండు నవమానించుటయే యని మా యభిప్రాయము.

ఆ దినమున మధ్యాహ్నము వఱకు ఎండ మాడ్చివైచెను. మూడు గంటలకు వాయవ్యమున మబ్బు లేచినది. మొదట దుమ్ము, పిదప ఉఱుములు, ఆ వెనుక పావుగంటసేపు వడగండ్లు. బిడ్డలు వానిని గిన్నెల కెత్తుకొని గంతులు వైచుచుండ మాకు గోపము వచ్చెనుగాని, వారి నని యేమి ప్రయోజనము? వేసవి మొదట నేల వేడెక్కి పైకి లేచు గాలికి సముద్రముమీది తేమ తోడైనప్పుడు ఇట్టి మేఘములు పుట్టుననియు, ఇది క్రొత్తగాదనియు మా యింటివారు బోధించిరి. క్రొత్తయైన నేమి, పాతయైన నేమి!

మఱునాడుదయమున తోటలోనికి బోతిమి. చెట్లక్రింద గోళీలంత పిందెలు పఱచినట్లుండెను. మామిడిపూత చూచుటకు విస్తారమే గాని, నూఱుపూవులలో నొక్కటియైనను పక్వమగు కాయ కాజాలదు. మబ్బుపట్టిన దినములలో తేనెమంచు పురుగు ప్రబలి పూతరసము బీల్చును. అది విడుచు జిగటపై ఆకులకు మసి పట్టును. ఆ గండములన్నియు గడచి నిలిచిన పిందె గదా యిట్లు రాలినది!

తోటను గుత్తకు దీసికొన్నవాని భార్య గంపతో పిందె లేఱుచుండెను. మేము పలుకరింపగా నడుమెత్తి, “పూత చూసి కొన్నామమ్మగారూ. పిందె రాలింది గాని బాకీ రాలుతుందా?” అన్నది. అప్పిచ్చినవాడు ఉగాదికి రాగలడట. మా కండ్ల నీరు దిరిగినది.

ఆ పిందెలకు టెంక కట్టలేదు. ఆవకాయకు బనికిరావు, పప్పులోనికిని, పచ్చడిలోనికిని మాత్రమే. ఉగాది కింకను పదిదినములున్నది, అంతవఱకు నిలువవు. ఒక గంప కొందుమన్న మాతో ఆమె బేరమాడలేదు, తోచినంత యిమ్మన్నది. సంతలోని వెలయే యిచ్చితిమి.

తోట కావలి ప్రక్కన ఆలస్యముగా బూచిన చెట్లు కొన్ని కలవు. వాని పిందె యింకను సన్నము గాబోలు, చాలవఱకు నిలిచియున్నది. మా పెద్దపిల్ల వ్రేలు చూపుచు లెక్కింపబోగా ఆమె గబగబ వచ్చి, దిష్టి తగులునని యాపిల్ల చేయి పట్టుకొని క్రిందికి దింపినది.