మిరప ఘాటు, వార్తల చప్పదనము

సాన్‌హోజేలోని మా కార్యాలయమున ప్రతి ఉదయము ఎవరో ఒకరు శాస్త్రసాంకేతిక వార్తలను చుట్టబెట్టి చెప్పుట ఆనవాయితీ: రస్ట్ భాషలో వచ్చిన మార్పు, కృత్రిమ మేధకు వలయు చిప్పుల గిరాకీ, జేమ్స్ వెబ్ దూరదర్శిని పంపిన చిత్రము. మొన్న ఆ వరుసలో పాత ప్రోగ్రాము దోషముల ముచ్చట రాగా, ఒక సహోద్యోగి నావైపు తిరిగి, 2018లో ఐఫోన్లను పడగొట్టినది మీ తెలుగక్షరమే గదా అని నవ్వెను. నాకు ఒళ్ళు మండినది. జకారమునకు ఞవత్తును, దీర్ఘమును, వాని నడుమ కంటికి కనరాని సంకేతమొకటియు చేరినప్పుడు ఆ కూర్పును చిత్రింపలేక చతికిలబడినది ఆ ఫోన్లు చేసినవారి వ్యవస్థ. ఆ ఫిబ్రవరిలోనే 11.2.6 అను సవరణతో దానిని సరిదిద్దుకొన్నదియు వారే. తప్పు వారిది, అపకీర్తి మన అక్షరమునకు!

మనవారి ఊసు ఈ వార్తలలో వచ్చినచో ఇట్లే వచ్చును. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిపై దిగిననాడు మాత్రము అందరును చప్పట్లు కొట్టిరి. అది ఎగిరిన శ్రీహరికోట మా రాష్ట్రమున కలదని కనబడిన వారికెల్ల చెప్పుకొంటిని. మరి మిరపకు పేరొందిన మా గుంటూరు మాటయో?

2021లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకడైన డేవిడ్ జూలియస్ మాకు దాపుననే, శాన్‌ఫ్రాన్సిస్కోలో పనిచేసినవాడు. నొప్పినెరుగు నాడీకణముల జన్యుఖండములను, మిరపలోని కాప్సైసిన్‌కు చలింపని వేరు కణములలో ప్రవేశపెట్టి, ఏ ఖండము చేరగా అవి చలించునో వెదకి వెదకి, ఆయన బృందము టీఆర్‌పీవీ1 అను గ్రాహకమును 1997లో పట్టుకొన్నది. సుమారు 43 డిగ్రీల వేడికి తెరచుకొను ఆ ద్వారమే కారమునకును తెరచుకొనును గనుక, మిరప కొరికిన నోరు కాలినట్లే తోచును. ఆ ఓపికకు చేతులెత్తి మ్రొక్కవలసినదే. కాని మిరపకు కిరీటము పెట్టిన ఆ నాటి వార్తలో గుంటూరు పేరైనను వినబడలేదు.

నా చిన్ననాడు కల్లములో ఎండు మిరపకాయల రాశి చుట్టు కూర్చుండి తొడిమలు తీయుచు, తాలుకాయ వేరుచేయుచుండిన మా మేనత్త, మంటకు తాళలేక తొట్టిలో చేతులు ముంచబోయిన నన్ను కసరి, "నీళ్ళు పోస్తే మంట చావదురా, ముందు నూనె రాసుకో!" అనెడిది. కాప్సైసిన్ నీట కరగదు, నూనెలో కరగునని నేను చదువుకొన్నది ఎన్నడో తరువాత.

గుంటూరు చెంత 1922లో వెలసిన లాం పరిశోధనక్షేత్రము ఎల్‌సీఏ-334 వంటి మిరప రకములను రైతుల చేత పెట్టినది. 2021–22లో నల్ల తామరపురుగు పూలలో దూరి పూత రాల్చి, పెట్టుబడి యావత్తును మింగి, కౌలురైతును నిలువునా ముంచినప్పుడు, పొలముపొలమున నీలిరంగు జిగురు అట్టలు వ్రేలాడుచుండగా, మా ఉదయపు ముచ్చటలలో క్రొత్త ఫోను కెమెరాను గూర్చి చర్చ జరుగుచుండెను. పురుగు వలసపోకడయు, దాని నిగ్రహమును విజ్ఞానవార్తలు గావా?

పరాయివారిని అని ఏమి ప్రయోజనము? మన పత్రికలును మిరప యార్డుకు వచ్చిన టిక్కీల (బస్తాల) లెక్కయు, తేజ రకపు ధరయు తప్పక ముద్రించును. లాంలో ఏమి కనుగొనిరో అరుదుగా చెప్పును. సంపాదకులారా, ఆ ధరల పట్టిక ప్రక్కనే వారమునకొకసారి ఆ పరిశోధకుల పనికి నాలుగు పంక్తుల చోటిండు. ఇచ్చటివారికి అనువదించి చెప్పు పూచీ నాది.