మా వాడిని చూచివచ్చాము

ఈ సంగతి పత్రికకు వ్రాయవచ్చునా, కూడదా అని చాలా రోజులు తటపటాయించాను. మన పత్రికలో పెళ్లిళ్లు, షష్టిపూర్తులు, పిల్లల పరీక్షా ఫలితాలు, తీర్థయాత్రలు వేసుకొంటాము. ఇంటివాడొకడు జెయిలులో ఉన్నాడని మాత్రం ఎవరూ వ్రాయరు. వ్రాయనంత మాత్రాన మనలో అటువంటి ఇళ్లు లేవనుకోవడం పొరపాటు. మా ఇల్లు ఒకటి ఉన్నది. మా అక్కను అడిగిన తరువాతనే వ్రాస్తున్నాను. "రాయి. ఇంకొక తల్లికి పనికొస్తుంది. వాడి పేరు మాత్రం ఎత్తొద్దు" అన్నది.

మాది గుడియాత్తం. తాతల నాటినుంచి అక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. అక్కకు ఒక్కడే కొడుకు. బావ పోయిన తరువాత వాడి చదువు నా చేతిమీదుగానే జరిగింది. బి.కాం. ప్యాసై, ఒక ఫైనాన్సు కంపెనీలో లెక్కలు వ్రాసే పనిలో చేరాడు. డిపాజిట్లు కట్టినవారి సంతకాలు తానే పెట్టి సొమ్ము తీశాడని ఒకనాటి ప్రొద్దున పోలీసులు వచ్చి తీసుకొనిపోయారు. ఆ డిపాజిట్లు కట్టినవారిలో మా వీధివారే నలుగురున్నారు. ఒకామె ఇడ్లీలు పోసి అమ్ముకొని, ముసలితనానికని దాచుకొన్న ముసలమ్మ.

ఆ రోజే నేను ఒక నిశ్చయం చేసుకొన్నాను: వాడి ముఖం చూడను. నాకూ పెళ్లికి ఎదిగిన కూతురున్నది. సంబంధాలు వచ్చిపోతున్న రోజులు. అడిగినవారికి "బెంగుళూరులో ఉద్యోగం" అని చెప్పడం మొదలుపెట్టాము. అబద్ధం చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించసాగింది. ప్లీడరును పెట్టాను, ఫీజు ఇచ్చాను. నా బాధ్యత అంతటితో తీరిందనుకొన్నాను. రెండుసార్లు జామీను తోసివేశారు. ఐదు నెలలు గడిచాయి.

ఒకనాడు చీకటిపడే వేళకు అక్క వచ్చి మా అరుగుమీద కూర్చున్నది. చేతిలో స్టీలు డబ్బా. మూత తీయలేదు. ఎవరికీ చెప్పకుండా, తెల్లవారుజాము బస్సుకు ఒంటరిగా జెయిలుకు పోయిందట. ఆ రోజు చూచేరోజు కాదట. కార్డుకు జిరాక్సు మాత్రమే తీసుకొని పోయిందట. వండుకొని పోయిన పులిహోర లోపలికి పోదన్నారట.

"గేటు దాకా పోయినానురా. వాడు ఆ గోడకు అవతలే ఉండాడు. నువ్వు వాడిని చూడొద్దులే. నన్ను ఆ గేటు దాటించు, చాలు" అన్నది.

నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మరునాడు ప్లీడరు దగ్గరకు వెళ్లి, చూడడానికి ఏమేమి కావాలో అడిగాను. ఆయన అలమారులోనుంచి 1894వ సంవత్సరపు జెయిళ్ల చట్టం తీసి, నలభయ్యవ సెక్షను చూపించాడు. శిక్ష పడని ఖయిదీ ఎవరితో మాట్లాడ కోరుతాడో వారిని తగిన వేళల్లో, తగిన కట్టుబాట్లతో లోపలికి రానివ్వడానికి ఏర్పాటు చేయాలని అందులోని సారాంశం. నేను రెండుసార్లు చదివాను. ఖయిదీ కోరినవారిని! తెల్లదొరల కాలపు చట్టం కోరికను ఖయిదీ పక్షాన పెట్టింది. ఐదు నెలలుగా నేను ఆలోచించినదంతా నాకు ఇష్టమా, కాదా అనే. వాడికి ఎవరిని చూడాలని ఉన్నదో ఒక్కనాడైనా అడగలేదు.

ప్లీడరు ఇంకొకటి కూడా చెప్పాడు. 1981లో సుప్రీంకోర్టులో ఫ్రాన్సిస్ కొరాలీ ములిన్ అనే ఆమె కేసు వచ్చింది. విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్న ఆమెకు, తన చిన్న కూతురును నెలకు ఒక్కసారే చూపించేవారు. జీవించడమంటే కేవలం ప్రాణంతో ఉండడం కాదు, తనవారిని కలిసి మాట్లాడడం కూడా అందులో భాగమే అని కోర్టు తీర్పు చెప్పి, ఆ నెలకొకసారి నిబంధనను కొట్టివేసింది. కనుక చూడడమనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. కట్టుబాట్లు ఉంటాయి, హక్కూ ఉంటుంది.

మా ప్రాంతంలో దీనిని "మను వేయడం" అంటారు. హైదరాబాదు, మహారాష్ట్ర వైపులవారు ములాకాత్ అంటారు. పేరేదైనా పని ఒకటే. తరువాతి వారం అక్కను వెంటబెట్టుకొని బయలుదేరాను.

మా వైపు పెద్దవారికి జెయిలనగానే వెల్లూరు జెయిలు గుర్తుకు వస్తుంది. 1908లో పత్రికలో వ్రాసిన వ్రాతకు రాజద్రోహ నేరం క్రింద శిక్షపడి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అక్కడ ఉన్నారు. 1921 చివర రాజాజీ అక్కడికే వెళ్లి, ఆ మూడు నెలలూ డైరీ వ్రాసుకొన్నారు. అటువంటివారిని చూడడానికి వెళ్లినవారు తలెత్తుకొని వెళ్లి ఉంటారు. మేము వెళ్లినది ఇంకొక జెయిలు; వెళ్లినది ఇంకొక విధంగా. బస్సులో తెలిసినవాడొకడు ఎక్కితే నేను కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. అక్క మాత్రం అతన్ని పలకరించి, ఎక్కడికని అడగకముందే "నా కొడుకును చూడను పోతావుండాము" అన్నది. అతను "పోయిరండమ్మా" అని తన దారిన తాను కూర్చున్నాడు. ఐదు నెలలుగా నేను భయపడినది ఈ ఒక్క మాటకా అనిపించింది.

గేటు దగ్గర మాకంటె ముందు నలభైమందికి పైగా వరుసలో ఉన్నారు. ఎక్కువమంది ఆడవారు. చంకన పిల్లలు. అక్కడ ఎవరినీ ఎవరూ "మీవాడు ఏం చేశాడు?" అని అడగరు. "ఎంత కాలమైంది?" అని మాత్రం అడుగుతారు. ఒక తురక ఆమె మా కాగితం చూచి, ఖయిదీ నంబరు వ్రాయలేదని చెప్పి, ఎక్కడ వ్రాయాలో వ్రేలితో చూపించింది. సెల్ ఫోన్లు బయట అంగడిలో ఇచ్చాము. కార్డులు చూచారు, ఫొటో తీశారు, తడిమి చూచారు. ఆడవారిని ఆడపోలీసులే చూచారు. నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం చేతులు చాచి బొమ్మలాగా నిలుచున్నది. ఏమి చేసినా సరే, ఆ గేటు దాటితే చాలు ఆమెకు.

లోపల ఇనుప వల. దానికి అటు ఒక వరుస, ఇటు ఒక వరుస. అందరూ ఒక్కసారిగా మాట్లాడడంవల్ల, ప్రతివారూ అరవవలసిందే. వాడు వచ్చాడు. చిక్కిపోయాడు. తలవెంట్రుకలు పొట్టిగా కత్తిరించి ఉన్నవి. వాళ్లమ్మను చూచి వల పట్టుకొన్నాడు. తరువాత నన్ను చూచాడు.

"నువ్వు రావనుకొన్యాను మామా" అన్నాడు.

"రాగూడదనే ఉన్నాను" అన్నాను. అంతకంటె మంచి మాట నోటికి రాలేదు.

అక్క అడిగినవన్నీ చిన్న ప్రశ్నలే. అన్నం తింటివా, దోమలు కుడతావుండాయా, పక్కన పండుకొనే మనిషి మంచోడేనా. వాడు అన్నిటికీ "ఊఁ" అన్నాడు. కాసేపైన తరువాత నావైపు తిరిగి, "ఇడ్లీల అవ్వ ఎట్లుండాది మామా?" అని అడిగాడు. నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. "ఎట్లుంటుంది? నీవల్ల ఇంకా కట్టెలపొయ్యి దగ్గరే ఉన్నది" అని అరిచాను. ఆ గోలలో నా అరుపు ఎవరికీ వింతగా వినబడలేదు. వాడు తలవంచుకొని, "వాళ్లు రాసిందంతా నిజం కాదు మామా. కొంత నిజమే" అన్నాడు. వాడు ఆ మాట పోలీసులకు చెప్పాడో లేదో నాకు తెలియదు. నాకు చెప్పాడు. ఇంట్లో కూర్చుని ఉంటే ఆ మాట నాకు దక్కేది కాదు. వేళ అయిందని గంట కొట్టారు. అంతే.

ఇంటికి వచ్చిన తరువాత అక్క ఉత్తరాలు వ్రాయడం మొదలుపెట్టింది. ఆమె చిన్నప్పుడు తెలుగు బడిలో చదివింది. అరవం మాట్లాడుతుందిగాని వ్రాయలేదు. వాడు అరవబడిలో, ఇంగ్లీషుబడిలో చదివినవాడు. తెలుగు మాట్లాడతాడుగాని చదవలేడు. ఈ కష్టం మనలో ఎన్ని ఇళ్లలో ఉన్నదో నేను చెప్పనక్కరలేదు. పైగా జెయిలుకు వచ్చే ఉత్తరాన్ని అధికారులు చదివి చూచిన తరువాతనే లోపలికి ఇస్తారు. తెలుగు చదవగలిగినవారు దొరికేదాకా మొదటి ఉత్తరం ఆగిపోయింది. నాకు సంగతి తెలిసి, తరువాతి ఉత్తరాల క్రింద అదే విషయం అరవంలో నేను వ్రాయసాగాను. అప్పటినుంచి అవి ఆగలేదు.

వాడి గదిలో పలమనేరు వైపు మనిషి ఒకడుండేవాడట. పై సగం అతను చదివి వినిపించేవాడు. క్రింది సగం వీడు చదువుకొనేవాడు. రెండూ ఒకటే కదా, పైది ఎందుకు చదివించుకొంటావని అతను అడిగితే, "పైది మా అమ్మ మాట" అన్నాడట. మూడు నెలల తరువాత ఒక కార్డు వచ్చింది. కార్డునిండా తెలుగు. "అంమకు" అని మొదలుపెట్టాడు. "ళ" ఉండవలసినచోట "ల", వత్తులు లేవు, ఒకచోట అరవ అక్షరం పడింది. అక్క దానిని పంచాంగంలో పెట్టుకొన్నది. నలభై ఏండ్లుగా సంఘంలో ఉండి, పిల్లలకు తెలుగు నేర్పాలని సభల్లో మాట్లాడినవాడిని నేను. నా మేనల్లుడికి అక్షరాలు నేర్పినది జెయిలు గదిలోని ఒక పరాయివాడు.

ఇడ్లీల అవ్వకు మేము వెళ్లివచ్చినట్లు తెలిసింది. వీధిలో నన్ను ఆపి, "నా దుడ్డు సంగతి అడిగినారా?" అన్నది. అడగలేదన్నాను. కాసేపు ఊరకుండి, "ఆ తల్లిని మాత్రం ఒంటిగా పంపబాకండి" అని వెళ్లిపోయింది. ఆమె వాడిని క్షమించిందని నేను చెప్పడంలేదు. క్షమించలేదు. చూడడానికి వెళ్లడం, తప్పును ఒప్పుకోవడం, ఈ రెండూ వేరని మా ఇంట్లో అందరికంటె ముందు ఆమెకే తెలిసింది.

ఇక, అవసరం పడినవారికి నాలుగు మాటలు. జెయిళ్లు రాష్ట్రప్రభుత్వాల క్రిందివి. కట్టుబాట్లు ఒక రాష్ట్రానికీ ఇంకొక రాష్ట్రానికీ వేరు. కేంద్రం 2023లో ఒక మాదిరి చట్టం తయారుచేసి పంపినా, రాష్ట్రం స్వీకరిస్తేనే అది వర్తిస్తుంది. కనుక బయలుదేరకముందే ఏ రోజు, ఏ వేళ, ఎంతమంది అని ఆ జెయిలునే అడిగి తెలుసుకోండి. శిక్ష పడినవారికి ఒక లెక్క, పడనివారికి ఇంకొక లెక్క. అసలు కార్డు తీసుకొని వెళ్లండి. ఖయిదీ పేరు, తండ్రి పేరు, నంబరు వ్రాసిపెట్టుకోండి. కూడని వస్తువును దాచి తీసుకొనిపోవడం పెద్ద నేరం. పాత చట్టం ప్రకారమే ఆరు నెలలదాకా శిక్ష ఉన్నది. డబ్బు చేతికి ఇవ్వబోకండి. ఖయిదీ పేరున జెయిలు ఆఫీసులో కట్టి రసీదు తీసుకోండి. ప్లీడరును పెట్టుకొనే శక్తి లేకపోతే, నిర్బంధంలో ఉన్నవాడికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం ఉన్నది. జిల్లా న్యాయసేవా సంస్థకు ఒక అర్జీ చాలు.

దూరాభారమైనవారికి ఇప్పుడు ఈ-ములాకాత్ అని కంప్యూటరు ద్వారా ఏర్పాటు ఉన్నది. 2020లో కరోనా వచ్చి జెయిళ్లలో చూపులు ఆపివేసినప్పుడు ఎన్నో కుటుంబాలకు అదే ఆధారమయింది. యానాం మనిషి పుదుచ్చేరి దగ్గరి కాలాపట్టు జెయిలులో ఉంటే, తల్లి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. అటువంటివారు మనుమడి చేతనో, మనుమరాలి చేతనో ఆ వీడియో చూపుకు పేరు వ్రాయించుకోండి. చేయలేనివారికి చేసిపెట్టడం మన సంఘాల పని అని నా మనవి. ఉగాదికి పచ్చడి పంచుతున్నాము; దరఖాస్తు ఒకటి నింపిపెట్టడం అంతకంటె కష్టం కాదు.

వాడికి నెల క్రిందట జామీను దొరికింది. ఇంట్లో ఉన్నాడు. ఇంతవరకు ఇడ్లీల అవ్వ ఎదుటపడలేదు, వెనుకసందునుంచి వచ్చిపోతున్నాడు. నేను తొందరపెట్టడంలేదుగాని, చూస్తున్నాను. కేసు నడుస్తున్నది. శిక్ష పడినా పడవచ్చు. అక్క ఆ సంగతి మాట్లాడదు. కార్డు, తెల్లకాగితాలు, పెన్ను, బస్సు చిల్లర పెట్టుకొనే గుడ్డసంచిని మాత్రం విప్పకుండా తలుపు వెనుక మేకుకే వేలాడదీసి ఉంచింది.