పగోడా కనిపించే గది

హోటలు ఎంచుకోవడం, అప్పు మంజూరు చెయ్యడం ఒకలాంటి పనులే. కాగితం మీద ప్రతివాడూ యోగ్యుడే. దరఖాస్తుతో బాటు జతపరిచిన ఫోటోలో కొట్టు నిండా సరుకు కనిపిస్తుంది. ఇన్‌స్పెక్షనుకి వెళ్తే ముందు వరసలో డబ్బాలు, వెనకంతా ఖాళీ గోడ. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో ఇవే చూస్తున్న వాణ్ని కనక, 2025లో చైనాలోని షియాన్ నగరంలో నాలుగు రాత్రులకి ఓ ఖరీదైన హోటలు వెతకవలసి వచ్చినప్పుడు నాకు తెలిసిన ఆ పద్ధతినే పట్టుకున్నాను. తేడా ఏమిటంటే, ఇక్కడ ఇన్‌స్పెక్షను డబ్బు కట్టేశాక గాని కుదరదు.

చైనా ఎందుకయ్యా, కాశీ రామేశ్వరం అయిపోయాయా అని మా బరంపురంలో అడగని వాళ్లు లేరు. కారణం మా ఆవిడ. ఆవిడ ఇక్కడి తెలుగు మీడియం బడిలో ఇరవై ఎనిమిదేళ్లు సోషలు చెప్పింది. ఏటా హ్యూయన్‌త్సాంగ్ పాఠం వచ్చిన రోజు ఆవిడకి పండగ. "ఆయన ఓడ్రదేశం నుంచి కళింగానికి వెళ్తూ కంగోద అనే దేశం దాటాడు. ఆ కంగోద మన గంజాం ప్రాంతమేనని చరిత్రకారులు అంటారు. అంటే పిల్లలూ, ఆయన మన వీధిలోంచే వెళ్లాడన్నమాట" అనేదిట. తరవాత ఆంధ్రదేశం, ధాన్యకటకం, అక్కడ కొన్ని నెలలు మకాం, ఇద్దరు భిక్షువుల దగ్గర చదువు. ఒడియా రాష్ట్రంలో తెలుగులో చదువుకునే పిల్లలకి, మీరున్నది దారి పక్కన కాదు, దారిలోనే అని చెప్పడానికి ఆవిడకి దొరికిన గట్టి సాక్ష్యం అదొక్కటే. చివరి సంవత్సరాల్లో ఆ పాఠం వినడానికి క్లాసులో తొమ్మిదిమంది మిగిలారు.

ఆ హ్యూయన్‌త్సాంగ్ 645లో తిరిగి చేరిన ఊరు చాంగాన్. అదే నేటి షియాన్. ఇండియా నుంచి మోసుకెళ్లిన గ్రంథాలు భద్రపరచడానికి ఆయన పూనికతో 652లో కట్టిన పెద్ద హంస పగోడా ఇప్పటికీ ఉంది. తరవాత బాగా మార్చి కట్టారు, భూకంపాలు తట్టుకుంది, కాస్త వాయవ్యానికి ఒరిగింది కూడా. ఏడంతస్తులు, 64 మీటర్ల ఎత్తు, లోపల దాదాపు 250 చెక్కమెట్లు. అసలు చిక్కు ఆ మెట్లతోనే. మా ఆవిడ రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మార్పించాలని డాక్టరు రెండేళ్లుగా చెబుతున్నాడు. "ఆ మెట్లు నా సొంత మోకాళ్లతో ఎక్కి వచ్చాకే" అని ఆవిడ పట్టు. ఆ తరవాత కొత్త మోకాళ్లతో ఎక్కవచ్చు గదా అంటే, "అవి ఆయన పాఠం చెప్పిన మోకాళ్లు కావు" అంటుంది. దీనికి బీకాంలో జవాబు లేదు.

ఖర్చు సంగతి ముందే చెప్పేస్తాను. ఎల్.ఎఫ్.సి. ప్రయాణంలో విదేశం కలిస్తే పన్ను మినహాయింపు వర్తించదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది, అంచేత అటు ఆశలేదు. అంతా సొంత డబ్బే. అయినా మంచి హోటలే ఎందుకంటే, నడవలేని మనిషికి హోటలన్నది రాత్రి తలదాచుకునే చోటు కాదు. మధ్యాహ్నం వచ్చి పడుకోవాలి, కాళ్లకి వేణ్నీళ్ల కాపడం పెట్టుకోవాలి, లిఫ్టు దాకా పరుగెత్తక్కర్లేకుండా ఎవరైనా తలుపు పట్టుకోవాలి. ఇంకో మాట, ఆడవాళ్లు బయటికి చెప్పుకోనిది: చైనాలో బజారు మరుగుదొడ్లు ఎక్కువగా మన పాతకాలపువే, గొంతుక్కూర్చునేవి. మోకాళ్లు వంగని వాళ్లకి హోటలు ఎంత దగ్గరైతే అంత ధైర్యం.

మా బావమరిది గ్రూపు టూరు కాగితం ఒకటి పట్టుకొచ్చాడు. అందులో ఓ ప్రసిద్ధమైన హోటలు పేరు, దాని పక్కన చిన్న అక్షరాలతో "లేదా తత్సమానమైనది". హామీ పత్రంలో ఇలాంటి మాట రాసి తెస్తే నేను ఆ పార్టీకి టీ కూడా ఇప్పించను. పాత షియాన్ కోటగోడ చుట్టుకొలతే పద్నాలుగు కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఇప్పటి ఊరు దానికి నాలుగు వైపులా ఎంతో దూరం పాకిపోయింది. తత్సమానమైన గది, తత్సమానమైన పరుపు ఎక్కడైనా దొరుకుతాయి. తత్సమానమైన చోటు ఎలా దొరుకుతుంది?

నక్షత్రాల లెక్క కూడా నమ్మకూడదు. చైనాలో నక్షత్రాలు హోటలువాళ్లు అడిగి పుచ్చుకోవలసినవి. పెద్ద పెద్ద కంపెనీల హోటళ్లు కొన్ని అసలు అడగనే అడగవు. పైగా 2012 చివర్లో అక్కడి ప్రభుత్వం అధికారుల ఆడంబర ఖర్చుల మీద ఆంక్షలు పెట్టాక, అయిదో నక్షత్రం ఉంటే సర్కారీ గిరాకీ పోతుందని కొన్ని హోటళ్లు ఆ నక్షత్రమే మాకొద్దన్నాయట. ప్రమోషను వద్దని రాసిచ్చి ఉన్న ఊళ్లోనే ఉండిపోయే మా బ్యాంకు గుమాస్తాలు నాకు గుర్తొచ్చారు.

ఇక రేటు. పెద్ద హోటళ్లు చాలావాటిలో చూపించే ధర మీద 10 శాతం సర్వీసు చార్జి, ఆ మొత్తం మీద 6 శాతం పన్ను పడతాయి. రెండూ కలిపి 16 అనుకుంటాం, కాదు, 16.6. వెయ్యి యువాన్ల గది 1166 అవుతుంది. 2025లో యువాను మన పన్నెండు రూపాయల పైచిలుకు ఉండేది. బుకింగు చేసే చోట ఇవి కలిపి చూపించారా, విడిగానా అన్నది మొదట చూడాలి. టిఫిను ఒక్కరికా ఇద్దరికా అన్నది రెండోది. వీసా దరఖాస్తుకి హోటలు బుకింగు జత చెయ్యాలి కనక, వీసా రాకపోతే డబ్బు పోకుండా రద్దు చేసుకునే వీలుందా అన్నది మూడోది. అలాంటి గదికి కొంచెం ఎక్కువే తీసుకుంటారు. ఇన్సూరెన్సు ప్రీమియం అనుకుని కట్టెయ్యాలి. అక్టోబరు మొదటివారం వాళ్ల జాతీయ సెలవులు; దేశమంతా రోడ్డుమీదే ఉంటుంది, రేట్లు ఆకాశంలో. ఆ వారం జోలికి పోవద్దు.

చివరికి నా కాగితం మీద మూడు పేట్లు మిగిలాయి. మొదటిది నైరుతిలో హైటెక్ పేట. బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి అటే మొగ్గింది. అక్కడ షాంగ్రిలా లాంటి హోటళ్లున్నాయి, గదులు విశాలం. కాని కిటికీ తీస్తే అద్దాల మేడలు. అవి చూడ్డానికి అమ్మాయి ఆఫీసుకి వెళ్తే చాలు, చైనా దాకా ఎందుకు? రెండోది కోటగోడ లోపల. అక్కడ 1953లో కట్టిన ఓ పాత మేడని సోఫిటెల్ వాళ్లు హోటలు చేశారు. ఫోటోలు చూస్తే నాకే మనసయింది. గంటామేడ, భేరీమేడ, వాటి వెనక ముస్లిముల వీధులు అన్నీ ఆ గోడలోపలివే. నేనొక్కణ్నే వెళ్లేట్టయితే అక్కడే దిగేవాణ్ని. కాని గంటామేడ నాలుగురోడ్ల నడిమధ్యన ఉంది, దాన్ని చేరాలంటే భూమిలోకి దిగి మళ్లీ పైకెక్కాలి. మెట్లన్నీ అక్కడే ఖర్చయిపోతే పగోడాకి నిల్వ ఉండదు. పైగా పగోడా అక్కడికి దక్షిణాన నాలుగు కిలోమీటర్ల పైనే.

మూడోది పగోడా పేటే. అక్కడి వెస్టిన్ నుంచి గుడికి పది నిమిషాల నడక. హోటలు భవనంలోనే ఓ మ్యూజియం కూడా ఉంది. పేటగా చూస్తే నాకు అంత నచ్చలేదు. పగోడా చుట్టూ ఫౌంటెన్లు, దీపాలు, పాత ఫక్కీలో కట్టిన కొత్త బజార్లు, అద్దె పట్టుబట్టలు కట్టుకుని ఫోటోలు దిగే పడుచుపిల్లలు. చరిత్ర కంటే చరిత్ర వేషం ఎక్కువ. అయితే నేను అప్పు ఇస్తున్నది పేటకి కాదు, ఆవిడ మోకాళ్లకి.

పేట తేలాక కిటికీ దగ్గర ఆగాం. పగోడా కనిపించే గదికి రేటు ఎక్కువ. "ఎలాగూ రోజూ వెళ్తాం గదా, గదిలోంచి చూడ్డం ఎందుకు?" అన్నాను. ఆవిడ వాదించలేదు. "ఎక్కలేకపోతే?" అంది. అంతే. ఎక్కువ పడే మొత్తాన్ని నాలుగు రాత్రులకి లెక్కగట్టి, దాని మీద 16.6 శాతం వేసి, మంజూరు చేశాను.

డబ్బు కట్టే ముందు హోటలుకి ఉత్తరం రాశాను. స్నానానికి తొట్టి గోడ దాటాలా, నేలమట్టంగా వేరే షవరుందా? గది లిఫ్టుకి ఎంత దూరం? ముందు వాకిట్లో మెట్లు ఎన్ని? మర్నాడే జవాబొచ్చింది, ప్రశ్న వారీగా. మీలో పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ మూడూ తప్పక అడగండి. ఫోటోల్లో ఇవి కనపడవు. హోటలు పేరు, చిరునామా చైనా అక్షరాల్లో ఉన్న కార్డు కూడా జేబులో ఉంచుకోండి. టాక్సీవాడికి మన ఇంగ్లీషు అక్కర్లేదు, ఆ కార్డు చాలు.

అయిదేళ్ల పైగా ఆగిపోయిన కలకత్తా–గ్వాంగ్‌జౌ నేరు విమానం 2025 అక్టోబరు 26న మళ్లీ మొదలయింది. నవంబరు రెండోవారంలో మేం హౌరా దాకా రైల్లో, అక్కణ్నించి గ్వాంగ్‌జౌ మీదుగా షియాన్ చేరాం. చలి మొదలయింది. కార్తీకమాసం, ఆవిడ నీచు ముట్టదు. షియాన్ గోధుమల సీమ, అన్నం కంటే నూడుల్సూ రొట్టెలూ ఎక్కువ. టిఫిను బల్ల మీద ఏముంటుందోనని బెంగపడ్డాను గాని, తెల్లటి బియ్యపుగంజి, ఉడకబెట్టిన చిలకడదుంపలు, మొక్కజొన్న పొత్తులు, వేరుశనగగుళ్లు కనిపించాయి. ఆవిడ గంజిలో మేం పట్టుకెళ్లిన ఆవకాయబద్ద వేసుకుని, "మా అమ్మమ్మ పెట్టేది ఇదే" అని తాపీగా తింది. వేణ్నీళ్లకి కొదవలేదు, ఆ దేశంలో మంచినీళ్లంటేనే వేణ్నీళ్లు.

మొదటిరోజు రెండో అంతస్తు దాకా వెళ్లి ఆగిపోయింది. నేనేమీ అనలేదు. పది నిమిషాల్లో గదికొచ్చి కాపడం పెట్టుకుని పడుకుంది. కిటికీలోంచి పగోడా కనిపిస్తూనే ఉంది, సాయంత్రం దీపాలు వెలిగించారు. రెండోరోజు మట్టి సైనికులని చూడ్డానికి నలభై కిలోమీటర్లు పోదామని నా ప్రోగ్రాం. "మీరు వెళ్లి రండి, నేను మళ్లీ ప్రయత్నిస్తా" అంది. వాళ్లు రెండువేల ఏళ్లకి పైగా నిలబడే ఉన్నారు, మరోరోజు నిలబడతారులే అని నేనూ ఆగిపోయాను. ఆరోజు నాలుగో అంతస్తు. పగోడా ఎక్కడానికి వేరే టిక్కెట్టు, ప్రతిసారీ కొత్తగా కొనాలి. మూడోరోజుకి టిక్కెట్టు అమ్మాయి మమ్మల్ని గుర్తుపట్టి, ఏదో చెప్పి, పిడికిలి బిగించి ఊపింది.

మూడోరోజు ఉదయం గంటంబావు పట్టింది. ప్రతి అంతస్తులోనూ గోడకి ఆనుకుని, ఊపిరి తీసుకుని, మళ్లీ. ఏడో అంతస్తులో నాలుగు వైపులా నాలుగు చిన్న కిటికీలు. ఆవిడ నాలుగింటి దగ్గరా నిలబడింది. దక్షిణపు కిటికీ దగ్గర, "మన బరంపురం ఇటేనా?" అంది. "ఇటే, కొంచెం కుడిపక్కకి" అన్నాను. బ్యాగులోంచి ఒక కాయితం తీసి, మడత విప్పి, పెదాలతో చదువుకుంది. చూస్తే, చివరి సంవత్సరపు హాజరుపట్టీలోంచి రాసుకొచ్చిన తొమ్మిది పేర్లు.

దిగడమే ఎక్కడం కంటే కష్టమయింది. మధ్యాహ్నం నాలుగింటి దాకా నిద్రపోయింది. మట్టి సైనికులని నాలుగోరోజు చూశాం, టాక్సీ మాట్లాడుకుని, ఒక్క హాలు మాత్రం. గంటామేడ టాక్సీలోంచే చూశాం. కోటగోడ ఎక్కలేదు.

కుడి మోకాలికి జనవరిలో ఆపరేషనయింది. ఎడమది వేసవి పోయాక చేస్తారట. ఈమధ్య ఆవిడ హ్యూయన్‌త్సాంగ్ పుట్టిన ఊరు లుయోయాంగ్ దగ్గరేనని నాతో రెండుసార్లు అంది. రెండోసారి అన్నప్పుడు అక్కడి హోటళ్ల రేట్లు తీసి చూశాను. చూపించిన ధరలో పన్ను కలిపారో లేదో ఇంకా తేలలేదు.