అద్దె ఇంటి లెక్క

కూడు, గుడ్డ, గూడు అని మన పెద్దలు మనిషి అవసరాలను మూడు మాటలలో చెప్పారు. మొదటి రెండూ విద్యార్థికి ఏదో ఒక విధంగా సమకూరుతాయి. ఊరి నుంచి బియ్యం మూట వస్తుంది. రంజాను పండుగకో, సంక్రాంతికో కొత్త బట్టలు వస్తాయి. మూడవది మాత్రం మూటగట్టి పంపగలిగినది కాదు. చదువు కోసం నగరానికి వచ్చినవాడు దానిని స్వయంగా వెదకుకోవాలి, బేరమాడుకోవాలి, నిలుపుకోవాలి. మన కళాశాలలో పట్టా పుచ్చుకుని విశ్వవిద్యాలయానికి వెళ్ళబోయే విద్యార్థులు అడిగే ప్రశ్నలలో ప్రవేశపరీక్ష తరువాతి స్థానం దీనిదే: "సార్, రూము దగ్గరలో తీసుకోవాలా, శివారులోనా?" దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. కనుక మేము ఎమ్.ఏ. చదివిన రోజులలో వేసుకున్న లెక్కను ఇక్కడ విప్పి చెబుతున్నాము.

అది 2011వ సంవత్సరం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మేము ముగ్గురం చేరాము. మాలో ఒకరిది తెలుగు, ఒకరిది ఉర్దూ, ఒకరిది గణితం. మొదటి ఇద్దరం ముస్లిములం. గణితం చదివేవాడు హిందువు. 1918లో స్థాపితమై, ఉన్నత విద్యను ఉర్దూ మాధ్యమంలో బోధించిన ఆ విశ్వవిద్యాలయం మా మువ్వురినీ ఏ ప్రశ్నా అడగకుండా చేర్చుకున్నది. వసతి గృహంలో మాత్రం మాకు సీటు దొరకలేదు. మా ముగ్గురి దగ్గరా కలిపి ఉన్న సొమ్ము 14,000 రూపాయలు.

మా ముందు మూడు దారులు నిలిచాయి. మొదటిది, కాలినడకన ఆర్ట్స్ కళాశాలకు చేరగల విద్యానగర్. రెండవది, ఉప్పల్ దాటి వరంగల్లు రోడ్డు మీద కొత్తగా లేచిన అపార్టుమెంట్లు. మూడవది, పాతనగరంలోని యాకుత్‌పురా. ఇది దూరమైనా, 2003లో మొదలైన ఎమ్.ఎమ్.టి.ఎస్. రైలు ఫలక్‌నుమా మార్గంలో యాకుత్‌పురా, దబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడల మీదుగా విద్యానగర్, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజి స్టేషన్లకు చేరుస్తుంది.

ముందుగా విద్యానగర్ చూశాము. ఒక గది, వంటిల్లు, అద్దె 7,500. తలకు 2,500. తరువాత బోడుప్పల్ వైపు ఒక అపార్టుమెంటు. రెండు పడక గదులు, హాలు, బాల్కనీ. అద్దె 4,500, నిర్వహణకు మరొక 300. తలకు 1,600. నెలకు ఒక్కొక్కరికి 900 రూపాయల ఆదా. పల్లె నుంచి వచ్చిన మా కళ్ళకు అది ఇల్లు కాదు, మేడ.

అయితే గణితం చదివేవాడు మాతో ఉండడం వలన లెక్క అక్కడితో ఆగలేదు. విద్యానగర్ నుంచి నడక 20 నిమిషాలు. బోడుప్పల్ నుంచి ఉప్పల్‌లో బస్సు మారి రావడానికి గంటకు తక్కువ కాదు. రానూ పోనూ కలిపి దినానికి 80 నిమిషాలు అధికం. బస్సు కోసం నిరీక్షణ కలుపుకుంటే గంటన్నర. నెలకు 24 పనిదినాలనుకుంటే 36 గంటలు. 900 రూపాయలను 36 గంటలతో భాగిస్తే గంటకు 25 రూపాయలు. అంటే మేము మా చదువు గంటను 25 రూపాయలకు అమ్ముకుంటున్నామన్నమాట. బస్ పాసు ఖర్చు తీసివేస్తే ఆ ధర కూడా రాదు. తక్కువ అద్దె అని మనం సంతోషించే చోట మన కాలం ఎంతకు అమ్ముడుపోతున్నదో ప్రతి విద్యార్థీ ఒకసారి భాగహారం చేసి చూసుకోవడం అవసరం.

ఆ లెక్క ప్రకారం విద్యానగర్ గదే మేలు. కాని అక్కడ మూడు నెలల అడ్వాన్సు అడిగారు: 22,500. మొదటి నెల అద్దె దానికి అదనం. మా చేతిలో ఉన్నది 14,000. అప్పుడు మాకు తెలిసిన సత్యం ఏమిటంటే, పేద విద్యార్థికి ఇంటిని నిర్ణయించేది నెలసరి అద్దె కాదు, మొదటి రోజున చెల్లించవలసిన మొత్తం. దగ్గరి ఇల్లు దీర్ఘకాలంలో చౌకయే అయినా ఆ చౌకను కొనుక్కోవడానికి కూడా కొంత ధనం కావాలి. లేనివాడు దూరం పోయి, తన కాలంతో ఆ వడ్డీ కడతాడు.

అందుచేత బోడుప్పల్ ఇంటికే తిరిగి వెళ్ళాము. రెండు నెలల అడ్వాన్సు 9,000 ఒప్పుకున్నాము. ఇంటి యజమాని మర్యాదస్థుడు, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. ఒప్పందపత్రం కోసం పేర్లు చెప్పమన్నాడు. చెప్పాము. కలం ఆగిపోయింది. కొంతసేపటికి ఆయన ఇలా అన్నాడు: "మీరు మంచి పిల్లల్లాగే ఉన్నారు బాబూ. నాకేమీ అభ్యంతరం లేదు. మిగతా ఫ్లాట్లవాళ్ళు ఊరుకోరు. ఒక పని చేద్దాం. కాగితం ఈ అబ్బాయి పేరు మీద రాసుకుందాం. మీరిద్దరూ చుట్టాల్లాగా వచ్చి ఉండండి. ఎవరడుగుతారు?"

ఆ మాట కఠినంగా లేదు. అందుకే దానికి జవాబు చెప్పడం కష్టమైంది. రేపు చెబుతామని లేచి వచ్చాము.

ఆ మధ్యాహ్నమే యాకుత్‌పురాకు వెళ్ళాము. మనవాళ్ళ మొహల్లా, మసీదు పక్క సందు, అద్దె 4,200. ఇంటి పెద్దాయన సలాముకు సలాము చెప్పి చాయ్ ఇప్పించాడు. మూడవవాని పేరు విన్నాక గడ్డం నిమురుకుంటూ, "మీరిద్దరూ మా పిల్లలే బేటా. ఆ అబ్బాయిని గల్లీలో ఎవరైనా ఒక మాట అంటే నేనేం జవాబు చెప్పను? మీ ఇద్దరికైతే ఇవాళే తాళం ఇస్తాను" అన్నాడు. ఒకే దినాన రెండు వేర్వేరు దిక్కులలో, రెండు వేర్వేరు భాషలలో, ఒకే జవాబు విన్నాము. ఇద్దరూ చెడ్డవారు కారు. ఇద్దరూ తమ పొరుగుకు భయపడిన మనుషులు. ఇల్లు చూడక ముందు పొరుగు చూడమని అరబ్బీలో నానుడి ఉన్నది. పొరుగు కూడా వచ్చేవానిని ఎంతగా చూస్తుందో మాకు ఆనాడు తెలిసింది.

రాత్రి ముగ్గురం ఒక మిత్రుని గదిలో కూర్చున్నాము. కోపంతో కాక, కాగితం మీద లెక్కతోనే ఆలోచించాము. ఒప్పందపత్రం అంటే ఏమిటి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు పత్రం ద్వారానే చేయాలి. ఆ ఖర్చు, ఆ శ్రమ తప్పించుకోవడానికే మన నగరాలలో 11 నెలల పత్రం వాడుకలోకి వచ్చింది. అదే చట్టం 106వ సెక్షన్, వేరే ఒప్పందం లేనప్పుడు, నెలసరి అద్దెకున్నవానిని ఖాళీ చేయించాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలంటుంది. ఆ పదిహేను రోజులు చిన్న రక్షణయే కావచ్చు. కాని అది పత్రంలో పేరున్న వానికి దక్కే రక్షణ. చుట్టంగా వచ్చినవాడు ఇంటి అద్దెదారు కాడు. అతనిని పొమ్మనడానికి ఒక్క పూట చాలు.

మరొక వైపు నుంచి చూశాము. పత్రం ఒక్కని పేర ఉంటే అద్దె మొత్తానికి, గోడకు పడిన మేకుకు, పగిలిన కుళాయికి అతడొక్కడే బాధ్యుడు. మేము ఇద్దరం ఒక నెల సొమ్ము ఇవ్వలేకపోతే అతని అడ్వాన్సు పోతుంది. అతడు చదువు ముగించో, ఉద్యోగం వచ్చో వెళ్ళిపోతే మా ఇద్దరికీ నిలువ నీడ పోతుంది. అంతవరకు సమానులుగా ఉన్న ముగ్గురిలో ఒకడు యజమాని, ఇద్దరు ఆశ్రితులు అవుతారు. అతనికి కోపం వచ్చిన రోజున మేము మాట తగ్గించుకోవలసి వస్తుంది; మాకు కోపం వచ్చిన రోజున అతడు "ఇల్లు నా పేరు మీద ఉంది" అనకుండా ఉండడానికి తన నాలుకను పట్టుకోవలసి వస్తుంది. యాకుత్‌పురా ఇల్లు తీసుకుంటే ఇదే కథ తలక్రిందులవుతుంది, అంతే. చివరకు గణితం చదివేవాడే కాగితం మడిచి, "ఈ లెక్కలో ఒక పదం లేదురా. అది రాయకుండా ఎంత కూడినా మొత్తం సరిపోదు" అన్నాడు. ఆ పదం మా పేర్లు.

మరునాటి నుంచి వెదకులాట తిరిగి మొదలైంది. నాలుగవ రోజున బోడుప్పల్ దాటి, పీర్జాదిగూడ దాటి, మేడిపల్లిలో ఒక ఇల్లు దొరికింది. మూడవ అంతస్తు, లిఫ్టు లేదు, అద్దె నిర్వహణతో కలిపి 5,100. ఆ ఇంటి యజమాని, ఉద్యోగ విరమణ చేసిన వృద్ధుడు, రెండే ప్రశ్నలు వేశాడు: అద్దె ఏ తేదీన ఇస్తారు, నీళ్ళ మోటారు ఎవరు వేస్తారు? పిమ్మట మా ముగ్గురి పేర్లూ తండ్రుల పేర్లతో సహా, అక్షరం అక్షరం అడిగి వ్రాసుకున్నాడు. రెండు నెలల అడ్వాన్సు 10,200 చెల్లించగా మా వద్ద 3,800 మిగిలింది. మొదటి నెల అద్దె నెలాఖరుకు ఇమ్మన్నాడు.

గంటల లెక్కలో ఇది ఓడిపోవలసిన ఇల్లే. విద్యానగర్‌తో పోలిస్తే నెలకు 60 గంటలు అధికంగా ప్రయాణం, తలకు 800 రూపాయల ఆదా. గంటకు 14 రూపాయలైనా నిండుగా రాలేదు. కాని బోడుప్పల్‌లో బస్సెక్కేవానికి నిలబడే చోటు మాత్రమే ఉండేది. అంతకు ముందే మేడిపల్లిలో ఎక్కే మాకు సీటు దొరికేది. నిలబడిన గంట పోయిన గంట. కూర్చున్న గంట చదువుకున్న గంట. మా ఛందోగణాలు, అరూజు బహర్లు, సమీకరణాలు చాలావరకు ఆ సీట్లలోనే కంఠస్థమయ్యాయి. పరీక్షలు అయ్యేవరకు ఆ ఇంటిలోనే ఉన్నాము. ఇంటి పత్రం చూపి బ్యాంకు ఖాతాలు తెరిచాము.

మాకు ఎదురైనది మా ఒక్కరి అనుభవం కాదని తరువాతి చదువు వలన తెలిసింది. ముస్లిముల స్థితిగతులపై 2006లో వెలువడిన సచార్ సంఘం నివేదిక, ఇతర వాడలలో ఇల్లు అద్దెకు దొరకడంలోని ఇబ్బందిని, అందువలన ఒకేచోట గుమిగూడవలసి రావడాన్ని ప్రస్తావించింది. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావుల వంటి చోట్ల మత వివక్షను నిషేధించింది. స్వంత ఇంటి అద్దె ఆ జాబితాలో లేదు. 2005లో సర్వోన్నత న్యాయస్థానం అహమ్మదాబాదులోని ఒక పార్శీ గృహనిర్మాణ సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమవారికే పరిమితం చేసుకొనే నియమాన్ని సమర్థించింది. చట్టం తలుపు వరకు వస్తుంది. గడప దాటించవలసినది మనిషే.

నాటికీ నేటికీ కొన్ని మారాయి. 2017 నవంబరులో మెట్రో రైలు మొదలై, ఉప్పల్‌లో ఎక్కినవాడు స్టేడియం, ఎన్.జి.ఆర్.ఐ., హబ్సిగూడ దాటి తార్నాకలో దిగగలుగుతున్నాడు. శివారు గంటల లెక్క మార్గాన్ని బట్టి మారిపోయింది. 2021లో కేంద్రం రూపొందించిన నమూనా అద్దె చట్టం నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. అయితే నమూనా చట్టం రాష్ట్రం స్వీకరిస్తేనే అమలవుతుంది.

విద్యార్థి మిత్రులారా! ఇల్లు చూడబోయేటప్పుడు అద్దె ఒక్కటే అడగకండి. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేనాడు రంగులకని ఎంత కోసుకుంటారు, కరెంటుకు వేరే మీటరు ఉన్నదా, వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు ఎవరిది, చివరి బస్సు ఎన్ని గంటలకు, ఇవన్నీ అడగండి. కాలానికి ధర కట్టండి. ఆ తరువాత పత్రం చదివి, ఆ ఇంటిలో నిద్రించబోయే ప్రతివాని పేరూ అందులో ఉన్నదో లేదో చూడండి. మీ పేరు లేకపోతే అడగండి. మీ మిత్రుని పేరు లేకపోతే మీరే ముందుగా అడగండి. రేపు మీలో కొందరు ఇళ్ళు కట్టుకుంటారు, అద్దెకు ఇస్తారు. ఆనాడు మీ ముందు కూర్చున్న కుర్రవాడు తన పేరు చెప్పినప్పుడు, మీ చేతిలోని కలం ఆగకుండా చూసుకోండి.