ఒరిజినల్ అంటే ఎవరి కారు?

మా పెరట్లో అంబాసిడర్ ఒకటుంది. ఊళ్ళో ఒక కామందు దగ్గర నాన్న ఇరవై ఏళ్ళు డ్రైవరుగా నడిపిన కారే అది. ఆయన అమ్మకానికి పెడితే నాన్న అప్పుచేసి కొన్నాడు. ఆ వారం ఊళ్ళో ఎంతమందికి నిద్ర పట్టలేదో మీకు వేరే చెప్పాలా!

తుక్కుకిచ్చేద్దామంటాడు తమ్ముడు. వాడి లెక్క తప్పు కాదు. బెంగాల్లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014లోనే ఆగింది. కోనసీమ ఉప్పుగాలికి ఫ్లోరు తుప్పు తినేసింది. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 చేశారు.

రాజమండ్రి మెకానిక్ మాత్రం "ఒరిజినల్ లుక్ తెప్పిస్తా సార్, తెల్లరంగు, కర్టెన్లు" అన్నాడు.

నాకక్కడే గుచ్చుకుంది. ఒరిజినల్ అంటే కామందు కారేగా! నాన్న వేయించిన నీలం రంగు, మా పేట ఆడవాళ్ళని పురుళ్ళకి అమలాపురం మోసి మోసి చిరిగిన వెనకసీటు, ఏప్రిల్ 14 ఊరేగింపులో బాబాసాహెబ్ ఫోటో నిలబెట్టడానికి టాపుకి వెల్డింగ్ చేయించిన ఇనపకమ్మీలు, ఇవన్నీ పీకేస్తేనే అది 'క్లాసిక్' అట. ఆ మాటకొస్తే అంబాసిడరే ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి నకలు. దాని ఒరిజినల్ ఎక్కడ వెతుకుతాం? క్లాసులో బోయి భీమన్న 'పాలేరు' చెప్పేవాణ్ణి, ఇంటికొచ్చి పాలేరు గుర్తులు చెరిపించనా?

నాన్నని అడిగితే, "వెనకసీటు కుట్టించరా. నేనెప్పుడూ అందులో కూచోలేదు" అన్నాడు.

ఫ్లోరు మార్పిస్తున్నాం. ఇంజను విప్పించాం. కమ్మీలు ముట్టుకోవద్దని మెకానిక్‌కి రెండుసార్లు చెప్పాను. తమ్ముడు ఇంకా అలిగే ఉన్నాడు, డబ్బుల్లో సగం మాత్రం వాడే వేశాడు.